పావు వయొలిన్

పావు అంటే నాలుగో వంతు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. నేను చదివింది మూడో తరగతి వరకు. అక్కడ చెప్పినవన్నీ మర్చిపోయాను గానీ పావు, అర, ముప్పావు మర్చిపోలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లు వడ్రంగం చేసి వాటితోనే బతికాను. పావంగుళం తేడా వస్తే తలుపు పట్టదు. అరంగుళం తేడా వస్తే ఆ ఇంటివాళ్లు మళ్లీ పనికి పిలవరు.

అందుకే ఆ వానాకాలం మొదట్లో, మనవరాలికి వయొలిన్ నేర్పే టీచరమ్మ "పిల్లకి పావు సైజు వయొలిన్ కొనండి" అని కబురు పంపితే నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. పావు కుర్చీ ఉంటుందా? పావు నిచ్చెన ఉంటుందా? కొనేదేదో నిండుగా కొనాలి గానీ ఈ పావేమిటి?

మనవరాలికి ఆరేళ్లు. సన్నగా, నిటారుగా ఉంటుందని నేను దాన్ని బద్ద అంటాను. వాళ్లమ్మకి ఆ పేరు నచ్చదు, కానీ పిల్ల పలికేది దానికే. అప్పటికి ఆరు నెలలుగా నేర్చుకుంటోంది. వయొలిన్ టీచరమ్మదే, అది ఆవిడ ఇంట్లోనే ఉండేది. పిల్ల వెళ్లి వాయించి వచ్చేది. నేను దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు దాన్ని కొత్తగా చేరిన ఇంకో పిల్లకి ఇవ్వాలట. మాది మేము కొనుక్కోవాలట.

నా కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. ఆ వారం వాడికి సెలవు దొరకలేదు. కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. బడులు తెరిచే రోజులు కావడంతో యూనిఫాం గుడ్డలు మంచం మీద, కుర్చీల మీద, చివరికి నా బల్ల మీద కూడా గుట్టలుగా పడి ఉన్నాయి. "చెక్క సంగతి నీకంటే ఎవరికి తెలుసు నాన్నా, నువ్వే తీసుకెళ్లు" అన్నాడు కొడుకు. ఆ మాట నాకు నచ్చింది. నా పని గురించి వాడి నోట మంచి మాట విని చాలా ఏళ్లయింది.

షాపు ఒక సందులో, మెట్ల కింద ఉంది. లోపల గోడంతా వాయిద్యాలే. కళ్లజోడు ముక్కు కొస మీద పెట్టుకున్న ఒక సన్నటి మనిషి లేచి, పిల్లని చూసి, నేనేమీ చెప్పకముందే పావు సైజని ఒకదాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. పోల్చి చూడటానికి పెద్దది కూడా తీయమన్నాను. తీశాడు. నేను జేబులోంచి టేపు తీశాను.

పెద్దదాని పెట్టె, మెడ వదిలేసి, పధ్నాలుగు అంగుళాలు. అందులో నాలుగో వంతు మూడున్నర. ఈయన పావని పెట్టినదాన్ని కొలిస్తే పదకొండు వచ్చింది. ముప్పావు లెక్కేసినా పదిన్నరే కావాలి.

"ఇది పావా?" అని అడిగాను.

"పేరలా వచ్చిందండీ. ఆ పేరుకీ కొలతకీ సంబంధం లేదు."

"సంబంధం లేనప్పుడు ఆ పేరెందుకు?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు పడలేదు. పిల్లని దగ్గరికి పిలిచి, చిన్న వయొలిన్ గడ్డం కింద పెట్టి, ఎడమ చెయ్యి బారుగా చాపమన్నాడు. చివర చుట్ట చుట్టినట్టుండే తల దాని అరచేతిలో సరిగ్గా కూర్చుంది. తర్వాత పెద్దది పెట్టి చూపించాడు. పిల్ల వేళ్లు మెడ చివరికి అందీ అందకుండా ఆగిపోయాయి. మోచెయ్యి కర్రలా బిగుసుకుంది. వాయించేటప్పుడు మోచెయ్యి వంగి ఉండాలనీ, వంగని చేత్తో వాయిస్తే పిల్ల చెయ్యి పాడైపోతుందనీ ఆయన చెబుతూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను. నా చూపు మాత్రం చెక్క మీద ఉంది.

చిన్నది ప్లైవుడ్. అంచు చుట్టూ గీత పొదిగినట్టు కనిపిస్తుంది గానీ అది రంగుతో గీసిన గీత. గోరుతో గీకితే లేచొచ్చేలా ఉంది. పెద్దది అసలైన చెక్క. పైపలక మీద దారాల్లాంటి నిలువు గీతలు, ఒకదానికొకటి ఎక్కడా తగలకుండా ఉన్నాయి. వెనక పలక రెండు ముక్కలు అతికించి చేసింది. ఆ అతుకు కనిపెట్టడానికి నాకే రెండు నిమిషాలు పట్టింది. చేసినవాడెవడో గానీ పని తెలిసినవాడు. అటువంటి చెక్క పక్కన ఆ ప్లైవుడ్ ముక్కని పెట్టి నా మనవరాలికి అంటగడుతున్నాడే అని కోపం వచ్చింది.

"పెద్దది కట్టండి" అన్నాను.

పిల్ల నా చొక్కా లాగింది. "తాతా, ఇది పెద్దది."

"నువ్వు పెరగవా?"

అది మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో దానికి నా పోలికే.

షాపాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పెరుగుతుందండీ. పెరిగాకే రండి. ఇది ఎక్కడికీ పోదు" అన్నాడు. చిన్నవి అమ్ముడుపోక నాకు తగిలించాలని చూస్తున్నాడనుకున్నాను. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను కూడా. ఆయన పెద్దదాన్ని పెట్టెలో పెట్టి, తడవకుండా పైన ప్లాస్టిక్ సంచి తొడిగి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక కోడలు మెడలో వేలాడే టేపు తీసి ముందు వయొలిన్ మీద, తర్వాత పిల్ల చేతి మీద పెట్టి చూసింది. టేపు మళ్లీ మెడలో వేసుకుంది.

"మామయ్యా, ఇది దానికి ఎక్కువ కదా."

"నువ్వు యూనిఫాంలు పెద్దవి కుట్టట్లేదా? లోపల మడత వదిలి?"

"మడత విప్పొచ్చు మామయ్యా. చెయ్యి విప్పలేం కదా."

అని మిషన్ తొక్కుకోవడం మొదలుపెట్టింది. జవాబు లేకపోతే నాకొచ్చేది కోపం. రెండు రోజులు కోడలితో మాట్లాడటం మానేశాను. మామూలుగానే నేను మాట్లాడేది తక్కువ కాబట్టి మానేసిన సంగతి ఆ అమ్మాయికి మూడో రోజుకి గానీ తెలియలేదు. అది ఇంకో కోపం.

టీచరమ్మ ఆ వయొలిన్‌ని ఒక్కరోజు కూడా వాడనివ్వలేదు. పిల్ల పెట్టెని రెండు చేతులతో మోసుకుంటూ వెళ్లింది, అలాగే మోసుకుంటూ తిరిగొచ్చింది. మర్నాడు నేనే వెళ్లాను. ఆవిడ ఉండేది మేడ మీద. మెట్ల నిండా పిల్లల చెప్పులు, వాన నీళ్లలో నాని ఉన్నాయి. లోపల ఒక పిల్లవాడు ఒకే ముక్కని అరిగిపోయేలా వాయిస్తున్నాడు. ఆవిడ బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, కూర్చోమంది. నేను కూర్చోలేదు.

యాభై ఏళ్లుగా చెక్కతో పని చేస్తున్నానని చెప్పాను. అలాంటి పలక, అలాంటి అతుకు ఆవిడ గదిలో ఏ వాయిద్యానికీ ఉండదని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. నేను అంతసేపు ఆపకుండా మాట్లాడటం నాకే కొత్త. ఆవిడ అంతా విన్నది.

"మీ చెక్క మంచిదేనండీ. నేను చెక్క గురించి మాట్లాడట్లేదు. చెయ్యి గురించి మాట్లాడుతున్నాను."

"రేపటినుంచి మా పిల్ల రాదు."

"పంపకపోతే పంపకండి. కానీ దాని మీద మాత్రం వాయించనివ్వకండి."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నేను మెట్లు దిగుతూ ఎవరి చెప్పులో తన్నేశాను.

ఇంటికొచ్చి కొడుకుతో, టీచరమ్మకీ ఆ షాపాయనకీ మధ్య ఏదో ఉందనీ, చిన్నవి అమ్మిపెడితే ఆవిడకి కమీషన్ ముడుతుందనీ చెప్పాను. అది నేను చూసింది కాదు, ఎవరైనా అంటే విన్నదీ కాదు. అన్నానంతే. వాడు రెండు డ్యూటీలు వరసగా చేసి వచ్చాడు, కళ్లు మూతలు పడుతున్నాయి. "అలాగా" అన్నాడు. నిజమే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ వయొలిన్‌ని నా బల్ల మీద పెట్టుకున్నాను. పిల్ల వేళ్లు మెడ చుట్టూ తిరగడం లేదు. సరే, మెడ లావుగా ఉంటే సన్నం చేస్తే పోతుంది. తీగలు వదులు చేసి, ముందు ఆకురాయితో, తర్వాత ఉప్పుకాగితంతో రెండు పూటలు కూర్చుని మెడ సన్నగా తీశాను. ఎక్కడా ఎత్తు పల్లం లేదు. కళ్లు మూసుకుని వేలితో రాస్తే గాజు మీద రాసినట్టుంది. పై పూత పోయినచోట కొత్తగా వార్నిష్ పెట్టాను. పిల్లని పిలిచి పట్టుకోమన్నాను. పట్టుకుంది. "అందిందా?" అన్నాను. "అందింది" అంది.

అందింది మెడ చుట్టూనే. చివరిదాకా కాదు. అది నేను అడగలేదు, అది చెప్పలేదు.

రోజూ బడికి వెళ్లేముందు ఒక గంట నా ముందే వాయించాలని పెట్టాను. టీచరమ్మ నేర్పిన నాలుగు ముక్కలు దానికి వచ్చు. వాటినే వాయించేది. నాకు సంగీతం తెలియదు. నిటారుగా నిలబడిందా, వయొలిన్ మెడ కిందికి వాలిపోయిందా, ఇవి తెలుసు. వాలిందంటే "ఎత్తు" అనేవాణ్ణి. ఎత్తేది. కాసేపటికి మళ్లీ వాలేది. రెండో వారంలో ఒక కొత్త పద్ధతి కనిపెట్టింది. కిటికీ దగ్గరికి జరిగి, వయొలిన్ తల కిటికీ గట్టు మీద ఆనించి వాయించడం మొదలుపెట్టింది. పని దొంగతనం అనుకున్నాను. పనివాళ్లు కొందరు ఇలాగే పలకని దేనికో ఆనించి, పట్టుకున్నట్టు నటిస్తారు. "గదిలో మధ్యలోకి రా" అని అరిచాను. వచ్చింది. కిటికీ రెక్క మూసేశాను.

లోపల మిషన్ చప్పుడు అప్పుడప్పుడు ఆగేది. కోడలు వింటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏమీ అనలేదు. కమీషన్ మాట మొగుడే నమ్మాడు కదా, ఇక మామగారితో ఏం వాదిస్తుంది.

నెల గడిచాక ఒక పొద్దున కోడలు కాజాలు కుడుతూ, చొక్కా గుండీలు నువ్వే పెట్టుకో అని పిల్లకి చెప్పింది. కాసేపయ్యాక తలెత్తి చూస్తే పిల్ల గోడవైపు తిరిగి నిలబడి ఉంది. చొక్కా అంచు పళ్లతో పట్టుకుని, కుడిచేత్తో గుండీ తోస్తోంది. ఎడమచెయ్యి కిందికి వేలాడుతోంది. కోడలు దగ్గరికి వెళ్లి ఆ చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చింది. అది జారి కింద పడింది. గ్లాసు దొర్లుకుంటూ నా బల్ల కిందికి వచ్చి ఆగింది.

కోడలు పిల్లని చంకనెత్తుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరింది. గొడుగు పట్టుకుని నేను వెనకే వెళ్లాను.

డాక్టరు కుర్రవాడు. మోచేతి కింద వేలితో నొక్కాడు. పిల్ల ఏడవలేదు, నా వైపు చూసింది. ఇంకొంచెం కిందికి నొక్కాడు. మళ్లీ నా వైపే చూసింది.

"ఈ వయసు పిల్లకి ఇలాంటి నొప్పి రాదు. ఏ పని చేయిస్తున్నారు దీంతో?" అని అడిగాడు.

పని అన్నాడు. కోడలు తల దించుకుంది. వయొలిన్ అని నేనే చెప్పాను. అతను నమ్మినట్టు లేదు. నరాలు, కండరం, ఏదో వివరంగా చెప్పాడు. నెల రోజులు ఆ చేత్తో పుస్తకం కూడా ఎత్తకూడదన్నాడు. తర్వాత మామూలు అవ్వాలన్నాడు. అవుతుంది అనలేదు. అవ్వాలి అన్నాడు.

దారిలో కోడలు, ఇన్నాళ్లూ నొప్పని ఎందుకు చెప్పలేదే అని పిల్లని అడిగింది. "తాతకి మొదటిరోజే చెప్పా కదా, పెద్దదని" అంది పిల్ల. అది ఫిర్యాదు కాదు. జరిగింది చెప్పింది. నా చేతిలో గొడుగు ఎటు పట్టుకున్నానో నాకు తెలియలేదు, ఇద్దరూ తడిసిపోయారు.

మధ్యాహ్నం కొడుకు డ్యూటీ దిగి వచ్చాడు. కోడలు చెప్పింది. కేకలు వేస్తాడనుకుని సిద్ధంగా ఉన్నాను, ఎదురు కేకలు నా దగ్గరా ఉన్నాయి. వాడు చేతులు కడుక్కున్నాడు. నా ఎదురుగా కూర్చుని కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆ చేతికి బొటనవేలు వంగదు. తొమ్మిదేళ్లప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటూ చిత్రిక పడుతుంటే దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ అంతే.

"ఇది ఎందుకు వంగదు నాన్నా?"

"చిత్రిక జారి."

"జారలేదు. నా చెయ్యి దాని చుట్టూ తిరగలేదు. అది నువ్వు పట్టే చిత్రిక. చిన్నది కొనిమ్మని అడిగాను. పెరగవా అన్నావు."

నాకు గుర్తులేదు. గుర్తులేదని చెప్పబోయాను. చెప్పలేదు.

"ఇన్నేళ్లూ జారిందనే చెప్పావు అందరికీ. నేను కూడా అదే చెప్పాను" అని లేచి అన్నం పెట్టుకున్నాడు. ఆ చేత్తోనే తిన్నాడు. బొటనవేలు పక్కకి పెట్టి, నాలుగు వేళ్లతో. రోజూ అలాగే తింటాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

నాకు కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. దాన్ని పెట్టడానికి చోటు కోసం ఇల్లంతా వెతికాను. కొడుకు మీద పెట్టలేను. కోడలి మీద పెట్టలేను. ఆ డాక్టరు మీద కాసేపు పెట్టాను, నిలవలేదు. చివరికి వయొలిన్ సంచిలో వేసుకుని షాపుకి వెళ్లాను. వెనక్కి తీసుకోమని, మారు మాట్లాడకుండా పావు సైజు ఇమ్మని అడగడానికి. అడగడం నాకు రాదు. దారంతా ఆ మాట కూడబలుక్కుంటూ వెళ్లాను.

షాపాయన పెట్టె తెరిచాడు. మెడ మీద వేలు పెట్టాడు. కళ్లజోడు కిందికి దించి చూశాడు.

"ఎవరు తీశారండీ ఇది?"

"నేనే."

"పనితనం బాగుంది. ఇంత సమంగా తీయడం కష్టం." పెట్టె మూశాడు. "ఇక దీన్ని ఎవరూ వాయించలేరు. ఇంకో నాలుగు నెలల్లో తీగల బిగువుకి ఈ మెడ వంగిపోతుంది. నేను తీసుకోలేనండీ."

వెటకారం చేశాడా అని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. యాభై ఏళ్లలో నా పనిని చాలామంది మెచ్చుకున్నారు. చెంప మీద కొట్టినట్టున్న మెప్పు అదొక్కటే. ఆ అతుకు వేసినవాడు ఎక్కడున్నాడో, ఎన్నాళ్లు కూర్చుని చేశాడో. నేను రెండు పూటల్లో చంపేశాను. ఇంటికి తెచ్చి బీరువా పైన, కంటికి కనబడనంత లోపలికి తోసేశాను.

టీచరమ్మ దగ్గరికి కోడలు వెళ్లింది. నన్ను రమ్మనలేదు. వచ్చాక మిషన్ దగ్గర కూర్చుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ చెప్పింది. "ఆవిడ ఏమీ అనలేదు మామయ్యా. చెయ్యి ఎలా ఉందని అడిగింది. కమీషన్ సంగతి నేనే చెప్పి క్షమించమన్నాను. నవ్వింది."

నవ్వడమేంటి. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు బరువు తగ్గేది.

నెల దాటాక, డాక్టరు సరే అన్నాక, కొడుకు తన సెలవు రోజున పిల్లని తీసుకుని షాపుకి వెళ్లాడు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. ఎవరికీ పని లేని ఒక పీటకి కాళ్లు బిగిస్తూ కూర్చున్నాను. వాళ్లు చిన్న పెట్టెతో తిరిగొచ్చారు. అదే ప్లైవుడ్, అదే గీసిన గీత. పిల్ల దాన్ని ఒక్క చేత్తో ఊపుకుంటూ లోపలికి వెళ్లింది. అది వయొలిన్‌ని అంత తేలిగ్గా మోయడం నేనెప్పుడూ చూడలేదు.

కానీ ఒక చిక్కు వచ్చింది. లోపలి గదిలో పిల్ల వాయిస్తుండగా నేను నీళ్లకోసం అటు వెళితే దాని చేతిలో కమాను తీగల మీద ఆగిపోయేది. అది కావాలని చేసింది కాదు. నన్ను చూస్తే ఆ చెయ్యి ఆగిపోయేది. నేను వెళ్లిపోయినా ఇంక కదిలేది కాదు. ఆ రోజుకి అయిపోయినట్టే. మూడుసార్లు అలా జరిగింది. ఇలాగే ఉంటే పిల్ల వయొలిన్ ముట్టుకోవడమే మానేస్తుందని టీచరమ్మ చెప్పిందట. నేను ముందుగదిలో నా బల్ల దగ్గరే ఉండి చూశాను. నా దగ్గు వినపడినా ఆగిపోయేది.

"మామయ్యా, ఆ గంటసేపు మీరు..." అని కోడలు మొదలుపెట్టి ఆపేసింది. మిగతాది నేనే పూర్తి చేశాను. చెప్పులేసుకుని బయటికి వెళ్లాను.

నేను కట్టిన ఇల్లు. తలుపులు, కిటికీలు, గూళ్లు అన్నీ నా చేతివే. పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు అందులో నాకు చోటు లేదు. వీధి చివర ఇస్త్రీ అతని బండి ఉంది. దాని పక్కన నిలబడేవాణ్ణి. అక్కడికి మా ఇంటి వాయింపు సన్నగా వినిపిస్తుంది.

మొదటి వారంలోనే అతను అడిగాడు. "ఏంటి పెద్దాయనా, రోజూ ఈ టైముకి ఇంట్లోంచి తరిమేస్తున్నారా?"

"నీ చొక్కా మాడుతోంది, చూసుకో" అన్నాను. మాడటం లేదు. అయినా కంగారుగా పెట్టె ఎత్తి చూసుకున్నాడు.

వానలు చివరికి వచ్చాయి. వారం రోజులు తెరిపి లేకుండా ముసురు పట్టింది. ఇంట్లో తలుపులన్నీ ఉబ్బి బిగుసుకున్నాయి. ఆ రోజుల్లోనే వయొలిన్ బిరడా ఒకటి పట్టేసింది. తీగ బిగించడానికి మెడ చివర తిప్పే కొయ్య మేకుని బిరడా అంటారు. చెమ్మకి కొయ్య ఉబ్బి రంధ్రంలో బిగుసుకుంది, అంతే. శ్రుతి చెయ్యబోయి వదులు చేసిన తీగ అలాగే వేలాడుతోంది. నాకు అయిదు నిమిషాల పని. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చేస్తానని అనలేదు.

కోడలు చేత్తో తిప్పి చూసింది. తర్వాత గుడ్డ చుట్టి తిప్పింది. మూడోసారి వంటగదిలోంచి పట్టకారు తీసుకుని లోపలికి వెళుతుంటే ముందుగదిలోంచి చూసి నేను పళ్లు బిగబట్టుకున్నాను. పట్టకారు పెడితే కొయ్య విరుగుతుంది. విరగనీ అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అదృష్టంకొద్దీ ఆ అమ్మాయే వద్దనుకుని పట్టకారు మళ్లీ వంటగదిలో పెట్టేసింది. షాపుకి తీసుకెళ్లాలంటే కొడుకు సెలవుకి ఇంకా నాలుగు రోజులుంది. రెండు రోజులు ఇంట్లో వాయింపు లేదు. ఆ రెండు రోజులూ పొద్దున నేను అలవాటుగా బయటికి వెళ్లి, ఏమీ వినపడక తిరిగొచ్చాను.

మూడో రోజు పిల్ల వచ్చింది. వయొలిన్ రెండు చేతుల మీద పెట్టుకుని నా బల్లకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

"తాతా, బిరడా తిరగట్లేదు."

"అమ్మకి చెప్పి వచ్చావా?"

"లేదు."

"చెప్పి రా."

వెళ్లి చెప్పి వచ్చింది. దాని వెనకే కోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది. మెడలో టేపు, చేతిలో సగం కుట్టిన జేబు. నా చేతులవైపు చూస్తూ నిలబడింది. ఇల్లు కట్టించుకునేవాళ్లు, మేస్త్రీలు, కంట్రాక్టర్లు ఎంతోమంది నా వెనక నిలబడి పని చూశారు. అంత కళ్లు పెట్టి ఎవరూ చూడలేదు.

చేతులు తుడుచుకున్నాను. వయొలిన్ ఒళ్లో పెట్టుకుని బిరడాని వెనకనుంచి మెల్లగా తట్టి బయటికి తీశాను. పొడిగుడ్డలో చుట్టి కాసేపు గుప్పిట్లో పెట్టుకున్నాను. తర్వాత పొడి సబ్బు ఒకసారి, సుద్దముక్క ఒకసారి రుద్ది రంధ్రంలో పెట్టాను.

"తిప్పు."

రెండు చేతులతో తిప్పింది. "గట్టిగా ఉంది."

మళ్లీ తీశాను. సబ్బు రుద్దాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు జారిపోతోంది."

సుద్ద రుద్దాను. "ఇప్పుడు?"

"కొంచెం."

"కొంచెం అంటే ఎంత?"

అది నా మొహం చూసింది. నేను తిడుతున్నానా, అడుగుతున్నానా అని చూసింది. "ఎంతంటే... నువ్వు రుద్దు. నేను తిప్పి చెప్తా."

రుద్దాను. తిప్పింది. తల అడ్డంగా ఊపింది. రుద్దాను. తిప్పింది. నా జన్మలో ఒక పనిని అన్నిసార్లు ఎవరూ వెనక్కి పంపలేదు. ఆరోసారో ఏడోసారో "చాలు" అంది. నాకైతే ఇంకొంచెం బిగువు కావాలనిపించింది. అనలేదు.

కోడలు లోపలికొచ్చి, టీచరమ్మ చూపించినట్టు శ్రుతి చూసి ఇచ్చింది. పిల్ల వయొలిన్‌ని అక్కడే, చెక్కపొట్టు మధ్య నిలబడి, గడ్డం కింద పెట్టుకుంది. కమాను ఎత్తింది. దాని మోచెయ్యి వంగి ఉంది. కమాను తీగ మీద పెట్టి అలాగే ఆగింది. ఆ చెయ్యి కదల్లేదు.

"తాతా, నువ్వు బయటికి వెళ్లు."

"అలా అనకూడదు" అంది కోడలు. ఆ వానాకాలమంతటిలో ఆ అమ్మాయి నా తరఫున మాట్లాడటం అదే మొదటిసారి. దానిమీద కూడా నాకు కోపం వచ్చింది.

"అననీ" అన్నాను.

చెప్పులేసుకున్నాను. గొడుగు లోపలి గదిలో ఉంది. దానికోసం పిల్ల ముందునుంచి వెళ్లాలి. వద్దనుకుని అలాగే వానలోకి దిగాను. ఇస్త్రీ అతను బండి మీద పట్టా కప్పుకుని, దాని కింద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

కాసేపు వాన చప్పుడే. తర్వాత మొదలైంది. రెండు వరసలు వాయించి ఆగింది. మొదటినుంచి ఎత్తుకుంది. అదేచోట మళ్లీ ఆగింది. మళ్లీ మొదటినుంచి.

"రోజూ వినబడుతుంది, ఎవరండీ అది?" అన్నాడు ఇస్త్రీ అతను. "పాపం, ఇంకా సరిగ్గా వచ్చినట్టు లేదు."

"వస్తుంది" అన్నాను. "నోరు మూసుకుని విను."